నాన్న పంపిన వేప దుంగలు

మా బావ, అంటే మా ఆయనకు సొంత అన్న, తన గదిలో తానే ఇరుక్కుపోయిన మధ్యాహ్నాన్ని ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాను. పాపం అనిపించదు. అనిపించాలని కూడా లేదు.

భద్రాచలంలో ఇల్లు కట్టేటప్పుడు తలుపులకు ఏ కట్టె వాడాలని పెద్ద చర్చే జరిగింది. టేకు మా వల్ల కాదు. కారేపల్లి దగ్గర మా నాన్న పొలం గట్టున ముదురు వేపచెట్టు ఉండేది. మేం ఇల్లు కడతామన్నప్పుడే బిడ్డ ఇంటికి తలుపులని ఆయన దాన్ని కొట్టించి, దుంగల్ని ఏడాది పాటు కుంట నీళ్లలో నానబెట్టాడు. అలా నానితే చెక్కలోని పసరు పోతుంది, పురుగు పట్టదు. తర్వాత నీడన ఆరబెట్టి ట్రాక్టర్ మీద పంపాడు. కుంట బురదకు పైన నల్లబడ్డాయి, వాసన కూడా వేశాయి. లోపల మాత్రం గొడ్డలికి లొంగనంత గట్టివి.

బావ ముక్కు మూసుకున్నాడు. "మీ అయ్య కుళ్లిన కట్టె పంపిండు. పొయ్యిలకు పనికొస్తది," అన్నాడు, మేస్త్రీల ముందే. నేను చెప్పబోతే, ఆడదానికి కట్టె సంగతి ఏం తెలుసన్నాడు. మా ఆయన తన అన్న మాటకు ఎదురు చెప్పే రకం కాదు. బావ టింబర్ డిపోకు వెళ్లి మద్ది చెక్క తెచ్చాడు. పచ్చిది, గోరు గుచ్చితే తడి తగిలేంత పచ్చిది.

స్లాబ్ వేసిన రోజు భోజనాలకు నాన్న వచ్చాడు. గాడిపొయ్యిలో తన దుంగలు మండుతుంటే చూశాడు. చేతులు కడుక్కుని బంతిలో కూర్చుని తిని, బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పొలం పనులున్నాయనేవాడే తప్ప మా గడప తొక్కలేదు. ఆయనది మెత్తని మనసు, ఎప్పుడో మరిచిపోయి ఉంటాడని అందరూ అన్నారు. నేను మరిచిపోలేదు. బావకు అన్నం వడ్డించిన ప్రతిసారీ నాకు ఆ గాడిపొయ్యే గుర్తొచ్చేది.

ఎండాకాలమంతా ఆ తలుపులు సందులిచ్చాయి. వానలు పట్టి గోదారి పెరగగానే ఉబ్బాయి. ఆ మధ్యాహ్నం బావ కునుకు తీద్దామని, మూసుకోనంటున్న తలుపును బలమంతా పెట్టి మూశాడు. లేచాక అది రాలేదు. గుంజితే హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది. ఆయన ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

బయటినుంచి నెట్టమని అడిగాడు. నెట్టాను, రెండు వేళ్లతో. "వస్తలేదు బావా. మంచి కట్టె కదా," అన్నాను. లోపలినుంచి తలుపును నాలుగుసార్లు గుద్దాడు.

"తప్పయిందమ్మా. మీ అయ్య కట్టెనే మంచిది," అన్నాడు చివరికి.

నాకది చాలలేదు. ఆ మాట వినాల్సింది నేను కాదు. నాన్నకు ఫోన్ చేసి సంగతి చెప్పి, స్పీకర్ పెట్టి తలుపుకు దగ్గరగా పట్టుకున్నాను. బావ మళ్లీ అన్నాడు, ఈసారి ఇంకా మర్యాదగా. ముందు తలుపు తియ్యమని నాన్న నన్నే కోప్పడతాడని, నా సంబరం అక్కడితో సరి అని అనుకుంటూ గునపం కోసం చూస్తున్నాను.

నాన్న మాత్రం, "లోపల ఫ్యాన్ తిరుగుతున్నదా?" అని అడిగాడు.

"అవ్ నాయినా."

"అయితే ఉండనియ్ బిడ్డా. పొద్దుగూకేదాక ఉండనియ్."