రూపాయికి ఎముకల గూడు

ఆ రోజుల్లో మా ఇల్లందు బజారులో పుస్తకం తప్ప అన్నీ దొరికేవి. ఉలవల నుంచి ఉంగరాల దాకా, బొగ్గుబాయిలో దిగేవాళ్ల బూట్ల నుంచి పెళ్లి బ్యాండు మేళం దాకా ఏది కావాలన్నా అరగంటలో ఇంటికి తెచ్చుకోవచ్చు. పుస్తకం అని అడిగితే మాత్రం దుకాణపాయన రెండే తీసేవాడు, పదో తరగతి గైడు, పంచాంగం. (మేం క్రైస్తవులం కాబట్టి పంచాంగంతో మాకు పని లేదు. గైడుతో నా పని అప్పటికే అయిపోయింది.) నాకు కావలసింది అనాటమీ పుస్తకం. ఖమ్మంలో నర్సు చదువులో కొత్తగా చేరాను. మా బొగ్గుబాయి క్వార్టర్ల లైన్లలో తెల్ల డ్రెస్సు వేసుకున్న మొదటి పిల్లను నేనే కావడంతో, ఇంకా సూది పట్టుకోనైనా లేదు గానీ అమ్మ అందరికీ "మా బిడ్డ సూదేస్తే చీమ కుట్టినట్టు గూడ ఉండదు" అని చెప్పేసింది. మాకు పాఠం చెప్పే కళ్లద్దాల మేడమేమో మొదటి రోజే తేల్చేసింది, అనాటమీ తప్పినవాళ్లు పెట్టె సర్దుకోవచ్చునని. పుస్తకం వెల చూస్తే మా ఇంటికి నెల బియ్యం వచ్చేట్టుంది. కాబట్టి నా రూమ్మేట్ స్నానానికి వెళ్లినప్పుడు ఆమె పుస్తకం తీసి చదువుకునేదాన్ని. ఆ తల్లి రెండు చెంబులు పోసుకుని వచ్చేసేది. అందుకే నాకు చేతి ఎముకలు వచ్చాయి గానీ కాళ్ల దాకా ఎప్పుడూ వెళ్లలేకపోయాను.

ఖమ్మం బస్టాండు దగ్గర పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఒకడుండేవాడు. ఏది అడిగినా ముందు "సగం ధరకే" అనేవాడు కాబట్టి మేమంతా సగం ధర తాత అనేవాళ్లం. గుట్టలో చెయ్యి పెట్టి నాకు కావలసిన పుస్తకమే బయటికి లాగాడు. చేతులు చాపి అందుకున్నాను. తెరిచి చూస్తే తల ఉంది, మెడ ఉంది, ఛాతీ ఉంది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి పుస్తకం అయిపోయింది. మిగతా సగం ఎక్కడ తాతా అంటే, "పొట్ట దాంక చదువుకో బిడ్డా, కిందిది దొరికితే వచ్చే నెల ఇస్త. అందుకే గద సగం ధర అన్న" అన్నాడు. పొట్ట దాకానే జబ్బులొచ్చే రోగులు ఎక్కడైనా దొరికితే ఆ పుస్తకంతో నేను గొప్ప నర్సును అయ్యేదాన్ని.

చివరికి మా పెద్దబాపు కొడుకు ఆదుకున్నాడు. అన్న ఒక నెట్ సెంటర్లో పని చేసేవాడు. (పని అంటే, కరెంటు పోయినప్పుడు అందరికీ క్షమాపణ చెప్పడం.) హైదరాబాదులో పాత పుస్తకాలను ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మే ఒకతన్ని వెతికి పట్టాడు. మనియార్డరు పంపితే పుస్తకం పోస్టులో వస్తుందట. బాపు మారుమాట లేకుండా పైసలు ఇచ్చాడు. అడ్రసు దగ్గర చిక్కొచ్చింది. మా లైన్లలో ఇంటి నంబర్లు వానకు చెరిగిపోయి, ఉత్తరాలు ఒక ఇంటివి ఇంకో ఇంటికి పోతుండేవి. అన్న తెలివిగా ఆలోచించి, "చర్చి అయ్యగారి పేరు కొడదాం. పోస్టుమాన్‌కు ఆయన మస్తు ఎరుక" అని నా పేరన్నది ఎక్కడా లేకుండా అయ్యగారి పేరే కొట్టాడు. ఆ సంగతి అయ్యగారికి నేను చెప్తానని అన్న, అన్న చెప్తాడని నేను, హాయిగా ఉండిపోయాం.

మా చర్చిలో కోతకాలపు పండుగ అంటే ఎలా ఉంటుందో చెప్పాలి. పండించినవాళ్లు పంట, లేనివాళ్లు ఏదో ఒకటి తెచ్చి దేవుని బల్ల మీద పెడతారు. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు. అక్కడ ఏదీ బజారు ధరకు పోకూడదు. చవగ్గా పాడుకుంటే దేవుణ్ణి బేరమాడినట్టు. పైగా పాడుకున్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోకుండా "మళ్ల దేవునికే ఇస్తున్న" అంటే చర్చి అంతా చప్పట్లు కొడుతుంది, అది మళ్లీ వేలానికి వస్తుంది. అలా ఒక్క గుమ్మడికాయ నలుగురి చేత డబ్బులు కట్టించి, చివరికి ఎవరి పులుసులోకీ పోకుండా బల్ల మీదే కుళ్లిపోయిన ఏడు కూడా ఉంది.

ఆ ఏడు వేలం వేస్తున్నది మా సంఘపెద్ద. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు, అందుకే ఆయన పేరు మైకు మామ. ఏన్కూరు నుంచి మా పెద్దమ్మ తెచ్చిన ఎర్ర నాటుకోడి బల్ల కాలికి కట్టేసి ఉంది. బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు చేసి నేరుగా చర్చికి వచ్చిన బాపు, "ఇయ్యాల ఆ కోడి మనదే" అని అమ్మతో చెప్పి వెళ్లి మగవాళ్ల వైపు చివరి వరుసలో కూర్చుని నిద్రపోయాడు. ఇంతలో మైకు మామ ఖాకీ కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి పైకెత్తాడు. "పట్నం నుంచి అయ్యగారి పేరు మీద పోస్టుల వచ్చిన కానుక! లోపలేముందో దేవునికే ఎరుక!" పట్నంలో ఉద్యోగం చేసే మన సంఘం అబ్బాయి పండుగకు కానుక పంపుతానన్నాడని, ఇది అదేనని అయ్యగారు విప్పకుండానే బల్ల మీద పెట్టారట. మేకల వ్యాపారం చేసే మేకల మామ పాడుకుని, అందరి ముందూ విప్పాడు. అట్ట మీద నిలువెత్తు ఎముకల గూడు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. ముందు వరుసలో ఒక అవ్వ "ఓ ప్రభువా!" అని కొంగు మొహం మీదికి లాక్కుంది. మేకల మామ దాన్ని నిప్పు ముట్టుకున్నట్టు బల్ల మీద పెట్టేసి "మళ్ల దేవునికే" అన్నాడు. అంత తొందరగా భక్తి పుట్టడం నేనెప్పుడూ చూడలేదు.

నేను లేవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. (ఆ మణికట్టులో ఎనిమిది ఎముకలు ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది.)

"అమ్మా, అది నా పుస్తకం!"

"తెలుస్తనే ఉంది. బల్ల మీద పెట్టినంక అది దేవునిది. నాదంటే నలుగురు ఏమనుకుంటరు? నోరు మూసుకొని పాట పాడు."

నోరు మూసుకుని పాట ఎలా పాడాలో అడిగే సమయం లేదు. నా గుప్పిట్లో ఉన్నది కానుక వేయడానికి అమ్మ ఇచ్చిన రూపాయి బిళ్ల. అయినా స్టైపెండు వస్తుందిలే అని "యాభై" అన్నాను. దేవుణ్ణి బేరమాడకూడదు కదా, ఎవరో డెబ్బై అన్నారు. నేను వంద అన్నాను. ఆ అరుపుకు చివరి వరుసలో ఎవరికో మెలకువ వచ్చినట్టుంది, స్తంభాల వెనక నుంచి "నూట యాభై!" అని గట్టిగా వినిపించింది. ఎవడో ఆ పాపాత్ముడు అనుకుంటూ రెండొందలు అన్నాను. "రెండొందల యాభై!" వెనక్కి తిరిగి చూస్తే, నిద్రమొహంతో, చెయ్యి పైకెత్తి, మా బాపు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపాను. నేను ఉత్సాహపరుస్తున్నాననుకుని ఇంకో యాభై పెంచాడు. తన పాటకు తనే.

మూడోసారి కూడా అయిపోయింది. బాపు దర్జాగా నడుచుకుంటూ ముందుకు వచ్చాడు. మైకు మామ పుస్తకం చేతిలో పెట్టాడు. బాపు ఆ ఎముకల గూడును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది? కోడిని అప్పుడే తిని నాకు బొక్కలు ఇచ్చిన్రా?"

చర్చి పగలబడి నవ్వింది. బల్ల కింద కోడి కూడా కొక్కొరో అని తన సాక్ష్యం చెప్పింది. అయ్యగారు నవ్వు ఆపుకోలేక బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బాపుకు పరువు దక్కించుకోవడానికి ఒకే దారి తోచింది. "సరే, మళ్ల దేవునికే ఇస్తున్న" అన్నాడు. చప్పట్లు మోగాయి. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"బాపూ! అది నా పుస్తకం. నువ్వు పైసలిచ్చిన పుస్తకమే. అది లేకుంటే నన్ను ఇంటికి పంపిస్తరు!"

చప్పట్లు సగంలో ఆగిపోయాయి. అయ్యగారు ఖాకీ కాగితాన్ని తిప్పి చూసి, అన్నను చూశారు. అన్న కిటికీని చూశాడు. "నీ పుస్తకం నువ్వు తీస్కపో బిడ్డా" అని అయ్యగారు అంటుండగానే మైకు మామ అడ్డం వచ్చాడు. "అట్ల కుదరది అయ్యగారూ. బల్ల మీదికెక్కిన దాన్ని ఉత్తగ తీసిస్తే రేపు ప్రతోడు వచ్చి తన గుమ్మడికాయ అడుగుతడు. పాట పాటే." తర్వాత నా వైపు తిరిగాడు. ఆ గొంతు అంత మెల్లగా పలకడం మా సంఘంలో ఎవరూ విని ఉండరు. "నీ తాన ఎంతుంది బిడ్డా?"

గుప్పిట విప్పాను. "రూపాయి."

"రూపాయి! ఒకటోసారి!" అన్నాడు. ప్రతి పాటలోనూ నోరు పెట్టే మేకల మామ కండువా నోట్లో కుక్కుకున్నాడు. వినపడకపోయినా అలవాటుగా చెయ్యెత్తే చెవిటి అవ్వ చేతులు రెండూ అటొకరు, ఇటొకరు పట్టుకున్నారు. రెండోసారి. బాపు తన నోటిని తన చేత్తోనే మూసుకున్నాడు. చవగ్గా పాడుకోవడం పాపమని నమ్మే అంతమంది, దేవుని ఎదుట, నా కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మూడోసారి అన్న మాట నాకు సరిగా వినిపించలేదు. చప్పట్లు మాత్రం వినిపించాయి.

అనాటమీ పాసయ్యాను, కాళ్లతో సహా. జీతం రాగానే బాపు తన పాట డబ్బులు చర్చిలో కట్టి వచ్చి, "తినని కోడికి పైసలు కట్టినోణ్ణి నేనొక్కణ్ణే" అని చాలా రోజులు చెప్పుకున్నాడు. ఇప్పుడు నేను భద్రాచలంలో దవాఖానాలో పని చేస్తున్నాను. పుస్తకాలు ఫోనులో కొంటాను. సగానికి సగం తగ్గించామని చూపిస్తారు గానీ, ఎంత తగ్గించినా నాకు ఎక్కువే అనిపిస్తుంది. నా కోసం నోరు మూసుకుని కూర్చునే అంత మందిని ఆ ధరలో కలిపి ఇచ్చే దుకాణం నాకు మళ్లీ కనబడలేదు. రిటైరై మాతోనే ఉంటున్న బాపు, గుమ్మంలో పార్సిలు పడగానే ఇప్పటికీ కుర్చీలోంచే అడుగుతాడు.

"ఏం బిడ్డా, కోడి వచ్చిందా?"

"అవ్ బాపూ, బొక్కలే మిగిలినయ్" అంటాను. ఆయన నవ్వుతాడు. నేను పార్సిలు విప్పుతూ, చెమటకు తడిసిన రూపాయిని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటాను.