ఓబులేసన్న చెప్పింది, నేను రాసింది

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, ఆ మాట మాత్రం కిందికి దిగదు, పైకీ రాదు. నా భార్యకు తెలియదు. మా నాయన తెలియకుండానే పోయాడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇది చదివాక నేను మంచివాడినేనని మీకు అనిపిస్తే, మళ్లీ ఏదో దాచానని అర్థం చేసుకోండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సోమందేపల్లెలో ఒక జిరాక్సు అంగడిలో పనిచేసేవాడిని. పదో తరగతితో చదువు ఆపేశాను. ఓబులేసన్నకు ముప్పై దాటాయి. పుట్టుకతోనే చూపు లేదు. వాళ్లక్క ఇంట్లో ఉంటూ, ప్రైవేటుగా ఇంటర్ పరీక్షలు రాసి, ఒక్క ఇంగ్లీషు తప్ప అన్నీ గట్టెక్కాడు. అదొక్కటి పాసైతే చూపు లేనివాళ్ల కోటాలో ఒక సర్కారు ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చు. వయసు పరిమితి దాటడానికి ఇంకో ఏడాదే ఉంది.

ఆయన ఇంగ్లీషును నడుస్తూ నేర్చుకున్నాడు. కర్ర నేలకు తగిలినప్పుడల్లా ఒక మాట. గో, వెంట్, గాన్. గివ్, గేవ్, గివెన్. మూడు దెబ్బలకు ఒక క్రియ. కొండ మీది గాలిమరల మోతలాగే ఆ చప్పుడూ ఊరికి అలవాటైపోయింది. టీ అంగడి దగ్గర ఆయన్ని ఆపి ఆడుకునేవాళ్లు.

"అన్నా, డిసైడ్! నామవాచకం చెప్పు."

"డెసిషన్. పోప్పా, కష్టమైంది అడుగు."

"ఇంత నేర్చుకోని ఎవురితో మాట్లాడతావన్నా, మీ అక్క బర్రెతోనా?"

"దానికి ఎప్పుడో వచ్చినాది. నీకే రాలే."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాడిని.

చూపు లేనివాళ్ల బదులు పరీక్ష రాసే మనిషి వాళ్లకంటే తక్కువ చదివినవాడై ఉండాలన్నది నియమం. నేను తక్కువ చదివాను, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అందుకే ఆయన నన్ను అడిగాడు. నెలరోజులు, అంగడిలో కరెంటు పోయి పని ఆగినప్పుడల్లా గైడు చదివి వినిపించాను. ఒకరోజు కాలేజీ అమ్మాయిలు జిరాక్సుకు వచ్చి నిలబడి ఉండగా, నేను ఒక మాటను తప్పుగా చదివాను. ఆయన మెల్లగా సరిదిద్దాడు. అమ్మాయిలు నవ్వారు. అంతే జరిగింది. అంత చిన్నదే. ఆ నవ్వు నాలో ఎంత లోతుకు దిగిందో నాకే తెలియలేదు. అసలు కారణం అదేనా? కారణం కావాలి కాబట్టి దాన్ని పట్టుకున్నానా? ఇప్పటికీ చెప్పలేను.

పరీక్ష రోజు మా ఇద్దరికీ విడిగా ఒక గది ఇచ్చారు. విరిగిన బెంచీలు పేర్చిన పాత గది. ఎండ పేలిపోతోంది, ఫ్యాను తిరగడం లేదు. కాపలా ఉండాల్సిన మేడం ఉక్కకు తాళలేక వరండాలో కుర్చీ వేసుకుంది. నేను ప్రశ్న చదువుతాను, ఆయన జవాబు చెబుతాడు, నేను రాస్తాను. మొదలుపెట్టే ముందే ఆయన అన్నాడు, "స్పెల్లింగు రాకుంటే అడుగప్పా. సిగ్గు పడాకు."

పది క్రియలను నామవాచకాలుగా మార్చమన్న ప్రశ్న వచ్చింది. ఆయన తడుముకోకుండా చెప్పుకుంటూ పోయాడు. మూడో మాట దగ్గర నాకు స్పెల్లింగు రాలేదు. అడగాలి. అడగలేదు. ప్రశ్నలో ఉన్న క్రియనే మళ్లీ దించి రాసేశాను. తల ఎత్తి చూశాను. ఆయన నవ్వుతూ తర్వాతి దాని కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆయనకు తెలియలేదు.

ఆ క్షణం గురించే మీకు చెప్పాలి. ఏదో చల్లటిది నా వీపు మీదుగా పాకింది. భయం కాదు. ఈ గదిలో కళ్లున్నవాడిని నేనొక్కడినే అన్న ఎరుక. తర్వాతి మాట స్పెల్లింగు నాకు వచ్చు. అయినా తప్పు రాశాను. ఆ తర్వాత గడిచిన కాలం వాక్యాలు వచ్చాయి. ఆయన 'హాజ్ గాన్' అంటే నేను 'గో' అని రాశాను. 'హాడ్ రిటన్' అంటే 'రైట్' అని రాశాను. చేయి తనంతట తాను పోతున్నట్టు అనిపించింది. అలా రాస్తే నేరం నాది కానట్టు ఉంటుంది కదా. చేయి నాదే. ఆపగలిగి ఉండీ ఆపలేదు.

కొంతసేపటికి ఆయన తల ఒక పక్కకు వంచాడు. తెల్లటి ఆ కళ్లు కదలకుండా సరిగ్గా నా చేతివైపు తిరిగాయి.

"పెన్ను ఆగిపోయినాదే. యాలప్పా?"

"రాసేసినా అన్నా."

"అంత పొడుగు మాట, అంత బిరీన రాసేసినావా?"

"నా చేయి స్పీడన్నా."

ఆయన తల అలాగే వంచి ఉంచాడు. వరండాలో మేడం దగ్గిన చప్పుడు వినిపించింది. "సరే. ఈ పొద్దు నీ చెయ్యే నా చెయ్యి," అన్నాడు.

చివర్లో పేపరు ఒకసారి ఇమ్మన్నాడు. అరచేయి దాని మీద ఆనించి, వేళ్లతో వరుస వెంట వరుస నెమ్మదిగా తడిమాడు. బాల్ పెన్ను ఒత్తిడికి పడిన గుంతలు తగులుతున్నాయి కాబోలు. మా తప్పుల మీద, కాదు, నా తప్పుల మీద ఆయన వేళ్లు ఆగుతున్నాయనిపించింది. ఒక చోట చాలాసేపు ఆగాయి. "బాగా ఒత్తి రాసినావప్పా," అని తిరిగి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గైడు తీశాను. ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది. ఒక్కొక్కటే సరిచూశాను. అన్నీ సరైనవే.

ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషు పోయింది. ఓబులేసన్న నా దగ్గరికే వచ్చాడు. రాసిన పేపరు నకలు తెప్పించుకోవచ్చట, ఫారం నింపి పంపమన్నాడు, వచ్చాక నన్నే చదివి వినిపించమన్నాడు. నింపాను. ఆయన చేత వేలిముద్ర వేయించాను. పోస్టు చేయలేదు. చించి, అంగడి వెనక పొయ్యిలో వేశాను. మొదటి తప్పు ఒక మధ్యాహ్నం పిచ్చి అనుకుందామన్నా, ఇది తీరిగ్గా ఆలోచించి చేసింది.

ప్రతి సోమవారం ఆయన వచ్చి గడప దగ్గర నిలబడేవాడు. "వచ్చినాదా?" "రాలేదన్నా." అంతకు మించి అడిగేవాడు కాదు. మిషను ఆగేదాకా వింటూ నిలబడి, వెళ్లిపోయేవాడు. చివరిసారి వచ్చినప్పుడు మాత్రం అన్నాడు, "నేను సరిగ్గానే చెప్పినా అనుకుంటి. నా తలకాయలో ఒకటుంటే నోట్లో ఇంకోటి వస్తాండాదేమో. అట్లాటోనికి ఉద్యోగం యాలలే."

మళ్లీ పరీక్షకు కట్టలేదు. ఏడాది తిరిగింది, వయసు దాటింది. వీధిలో కర్ర చప్పుడు వినిపించేది, దాని వెంట మాట ఉండేది కాదు. మూడు దెబ్బలు, మళ్లీ మూడు దెబ్బలు, ఏమీ లేదు. మనిషి నడుస్తున్నట్టు కాక, మనిషిని వదిలేసి కర్ర ఒక్కటే పోతున్నట్టు ఉండేది. ఆయన చూపు నేను తీయలేదు. ఆయనకున్న ఇంకొకటి తీశాను. తనకు తెలిసింది తనకు తెలుసన్న నమ్మకం.

పోయిన నెల కొత్తచెరువులో బస్సు దిగాను. అక్కడ ఆయన ఉడికించిన శెనక్కాయలు అమ్ముతున్నాడు. అక్కతో పాటు ఆ ఊరికి మారిపోయాడట. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ జనంలో, ఆ హారన్లలో, ఆయన ముఖం నావైపు తిరిగింది. ఎడమకు జరిగాను. ముఖం ఎడమకు జరిగింది. స్తంభం వెనక్కి పోయాను. స్తంభం దాటి బయటికి వచ్చేసరికి ఆ ముఖం అక్కడే నాకోసం ఆగి ఉంది. పిలవలేదు. నవ్వలేదు. తెలుసా ఆయనకు? ఆ గదిలోనే తెలుసా? తెలిసే ప్రతి సోమవారం వచ్చి, నేను చెబుతానేమోనని నిలబడ్డాడా?

నేను మళ్లీ బస్సెక్కేశాను. చూశారా, ఇప్పుడు కూడా.

క్షమించమని అడగను. అడిగే హక్కు పోస్టు చేయని ఆ ఫారంతోనే కాలిపోయింది. కానీ లోకంలో నాకొక్కడికే తెలిసిన సంగతి ఒకటుంది. దాన్ని నేను మోసుకు తిరిగినన్నాళ్లూ అది ఆయనకు దక్కదు. ఎవరైనా ఆయనకు ఇది చదివి వినిపిస్తే చాలు.

ఓబులేసన్నా, ఆ పొద్దు నువ్వు ఒక్క తప్పు కూడా చెప్పలేదు. నువ్వు పాసైనావు. నిన్ను ఫెయిలు చేసింది నేను.