ఎడంకాలి బల్ల

మా బావ పదకొండేళ్ళుగా ఎడంకాలి బూట్లే చేస్తున్నాడు. కుడికాలి బూట్ల బల్ల హాలుకి అవతలి గోడ పక్కన ఉంటుంది. ఆ ఫ్యాక్టరీలో పని అలాగే పంచుతారు. చెయ్యి ఒకే వైపుకి అలవాటు పడితే రోజుకి నలభై బూట్లు ఎక్కువ దిగుతాయని ఎవరో ఎప్పుడో కనిపెట్టారు. రెండు బల్లల మీంచి వచ్చిన బూట్లు చివర్లో ఒకే అట్టపెట్టెలో కలుసుకుంటాయి. మనుషులు మాత్రం టీ వేళ తప్ప కలుసుకోరు. అక్కడ ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. 'ఎడమాయన' అంటారు. ఆయనా పలుకుతాడు.

బూటు పైభాగం అంచుకి జిగురు రాయాలి, అడుగు అట్టకి ఆనించాలి, ఇరవై లెక్కపెట్టేదాకా బొటనవేళ్ళతో నొక్కి పట్టుకోవాలి. ఆయన పనంతా అదే. జిగురుకి, తోలుకి రాసుకుని రాసుకుని ఆయన వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. హాజరు యంత్రం ఆయన వేలిముద్రని గుర్తుపట్టదు. అందుకని ఆయనొక్కడికీ విడిగా కార్డు ఇచ్చారు.

పెద్దాసుపత్రి వెనక ఒక పొడుగాటి షెడ్డు ఉంది. వంకర తిరిగిన పాదాలకీ, పొట్టి కాళ్ళకీ అక్కడ బూట్లు చేస్తారు. ఒక్కో పాదానికి ఒక్కో బూటు. అలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. అక్కడ మనిషి కావాలని బావకి ఎవరో చెప్పారు. ఫ్యాక్టరీకి రాకముందు ఆయన బూటు మొత్తం చేత్తో కుట్టినవాడే. ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళాడు.

షెడ్డు పెద్దాయన పల్చటి కాగితం మీద గీసిన పాదం ఒకటి, కొలతలు కొన్ని ఇచ్చి, సాయంత్రానికి బూటు కావాలన్నాడు. అది ఒక టైలరమ్మ పాదం. ఆవిడకి ఒక కాలు తొడ దాకా లేదు, కర్రల మీద నడుస్తుంది. ఉన్న పాదం కూడా మడమ దగ్గర మెలి తిరిగింది. బావ తల ఎత్తకుండా మధ్యాహ్నానికల్లా కుట్టేశాడు. ఆవిడ బూటు అందుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"చాలా బాగా కుట్టావు నాయనా. కాకపోతే, నాకు లేని కాలికి కుట్టావు."

ఆవిడకి ఉన్నది కుడికాలు. కాగితం ఎప్పుడు బోర్లా పడిందో బావకి తెలియదు. చేతులు వాటికి తెలిసింది చేసుకుపోయాయి. షెడ్డంతా నవ్వింది. బావ లేచి వచ్చేసేవాడే. ఆవిడే ఆపింది. "కూర్చో. నాకు తొందర లేదు, పరిగెత్తేది లేదుగా."

రెండోసారి కుడికాలికి కుట్టాడు. ఆవిడ తొడుక్కుని షెడ్డు ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగింది. తిరిగొచ్చి, "ఇంతదూరం నడిచినా నాకు కాలు గుర్తురాలేదు" అంది.

ఈ మాట బావ మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పదకొండేళ్ళలో ఆయన లక్షల బూట్లు చూశాడు. వాటిలో దూరిన పాదం ఒక్కటీ చూడలేదు. షెడ్డు పెద్దాయన ఆ తప్పు బూటుని కూడా చేతికిచ్చి, ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు. జీతం అప్పుడు చెప్పాడు. ఫ్యాక్టరీలో పదివేలు వస్తున్న చోట ఇక్కడ ఆరు.

ఆ పూట భోజనాల దగ్గర అక్క చెయ్యి ఆగిపోయింది.

"ఆరా?"

"రెండేళ్ళకి ఏడు చేస్తారట."

"ఆ రెండేళ్ళూ ఏం తినమంటారు, టైలరమ్మ దీవెనలా?"

"అవీ కమ్మగానే ఉన్నాయి."

"నాకు నవ్వు రావట్లేదండీ."

అక్క ఒక దుకాణంలో సగం పూట బిల్లులు కొడుతుంది. ఇల్లు రెండు గదులు. అందులో ముందు గది నాది. అంటే, వాళ్ళు నాకు వదిలేసింది. ఆరుతో ఆ ఇల్లు నిలవదు, పాప స్కూలు నిలవదు. భార్యాభర్తలిద్దరూ నావైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నారు. ఆ ఫ్యాక్టరీలో ఒక రివాజు ఉంది. పాతమనిషి మానేస్తూ ఇంటిమనిషిని తెచ్చి, ఏడు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పితే, ఆ స్టూలు ఆ ఇంటిదే. ఒక్కరోజు తప్పినా, పాతమనిషి దిగగానే అది బయట వరసలో ఉన్నవాడిది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, తొమ్మిదేళ్ళ పాపతో సహా.

"మావయ్య ఖాళీగానే ఉన్నాడుగా. మావయ్యని కూర్చోబెట్టండి" అంది పాప.

"నువ్వు నోరు మూసుకుని తిను" అంది అక్క. అప్పటికే మాట బయటపడింది.

"కూర్చుంటాను" అన్నాను.

"విసుగు పనిరా అది" అన్నాడు బావ. "ఊరికే అనట్లేదు. నిజంగా విసుగు."

"నువ్వు చెయ్యట్లేదా?"

చదువు మూడో ఏడు మధ్యలో మానేశాక నేను నాలుగు పనులు పట్టి, నాలుగూ వదిలేశాను. ఆ ఊసు ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడేవాణ్ణి. పోట్లాడితే పంతానికైనా నిలబడేవాణ్ణేమో.

బావ షెడ్డుకి వెళ్ళి, ఒకటో తారీకు నుంచి పనిలోకి వస్తానని చెప్పొచ్చాడు. ఆ రోజు నుంచి రోడ్డు మీద మనుషుల పాదాలు చూడటం మొదలుపెట్టాడు. "అదిగో, ఆయన మడమ బయటికి తొక్కుతున్నాడు. లోపల చిన్న తోలుముక్క పెడితే చాలు" అనేవాడు. ఎవరో ఏమో కూడా తెలియని మనిషి వెనక రెండు వీధులు నడిచాడొకసారి. "పాదాలు చూస్తూ ఏ బస్సు కిందో పడేరు" అని అక్క కసురుకుంది గానీ, కసురులో పస లేదు.

ఫ్యాక్టరీలో మొదటిరోజు నన్ను చూసి ఎదుటి స్టూలు మనిషి అడిగాడు.

"ఏం ఎడమాయనా, వారసుడా? లోపలికి ఏ కాలు పెట్టి వచ్చాడు?"

"కుడికాలే" అన్నాడు బావ.

"అయితే అవతలి బల్లకి పంపు. మనదాంట్లో నిలవడు."

మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజు తెల్లారి బావ రెండు భోజనం డబ్బాలు పట్టుకుని నా పక్క దగ్గర నిలబడ్డాడు.

"లేవరా. టైమైంది."

"తలనొప్పి బావా. ఆ జిగురు వాసన పడట్లేదు."

"ముక్కుకి గుడ్డ కట్టుకో. మొదట్లో నేనూ కట్టుకున్నాను."

"ఇవాళ్టికి వదిలెయ్."

ఒక్కరోజు అంటే ఏమిటో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఒక డబ్బా నా తల పక్కన పెట్టి, "చల్లారకముందే తినెయ్" అని వెళ్ళిపోయాడు.

వాసనేమీ కాదు. మూడో రోజు మధ్యాహ్నం బూటు నొక్కిపట్టి ఇరవై లెక్కపెడుతుంటే, ఈ ఇరవైని బావ ఎన్నిసార్లు లెక్కపెట్టి ఉంటాడా అనిపించింది. భయమేసింది. ఆ భయం ఆయనకీ వేసే ఉంటుంది. ఆయన మర్నాడు లేచి వెళ్ళాడు. నేను లేవలేదు.

ఆ సాయంత్రం అక్క ఒకసారి అంది, "పోనీ వెళ్ళండి. ఎలాగో సర్దుకుందాం."

"ఏది సర్దుతావు?" అన్నాడు బావ.

అక్క గదిలో ఉన్న సామానంతా చూసింది. నన్నూ చూసింది. ఆ తర్వాత నాతో అన్నది ఒక్కటే. "నీ పేరెత్తింది చిన్నపిల్ల. నమ్మింది పెద్దవాళ్ళం. నిన్ను అనేదేముందిలే."

శనివారం పని దిగాక బావ షెడ్డుకి వెళ్ళి, రాలేనని చెప్పొచ్చాడు. తప్పు బూటు ఇంట్లోనే ఉండిపోయింది. పాప అందులో పెన్సిళ్ళు పెట్టుకుంది.

మూడు నెలల తర్వాత షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. ఎడంకాలు మాత్రమే ఉన్న మనిషి ఒకాయన వచ్చాడు, మడమ మెలీ, కొలతా దాదాపు అవే, ఆ బూటు ఉంటే తెచ్చిస్తావా అని. బావ పెన్సిళ్ళు తీసి గ్లాసులో పెట్టి, బూటు తుడిచి, ఆదివారం పొద్దున్నే వెళ్ళాడు. చీకటి పడుతుండగా వచ్చాడు.

"సరిపోయిందా?" అంది అక్క.

"చిటికెనవేలి దగ్గర పట్టేసింది. కొత్తగా చేరినవాడికి ఇంకా చెయ్యి కుదర్లేదు. నేనే సర్దాను."

"మరి రమ్మన్నారా మళ్ళీ?"

"కొత్తవాడున్నాడుగా."

మర్నాడు బస్సు దాకా ఇద్దరం కలిసి నడిచాం. అప్పటికి నేను ఐదో పనిలో ఉన్నాను, దారి ఒకటే. మా ముందు ఒకాయన కుడికాలు ఈడ్చుకుంటూ పోతున్నాడు. నేనే మోచేత్తో పొడిచి చూపించాను.

"చూశాను" అన్నాడు. బస్సు వస్తోందేమోనని వెనక్కి తిరిగాడు.