మావగారి బార్లీ అటుకులు

మా మావగారు పోయిన మంగళవారం పొద్దున్న బారిడీహ్‌లో, మా ఇంట్లోనే కన్నుమూశారు. టీ అడిగారు. నేను గ్లాసు పట్టుకొచ్చేసరికి, గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్లిపోయారు. ఎవరినీ కష్టపెట్టకుండా పోయారని వచ్చినవాళ్లంతా అన్నారు. బతికినన్నాళ్లూ ఆయన అంతే గనక నాకది వింతగా అనిపించలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఈ ఊళ్లో ఆవో గేదో ఉన్న తెలుగువాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఇక్కడికి వచ్చి, ఉక్కు కార్ఖానాలో వేడి ఇనుముని రోలర్ల మధ్య నొక్కే రోలింగ్ మిల్లులో చేరారు, రిటైరయ్యేదాకా అక్కడే చేశారు. షిఫ్టంతా ఎర్రగా కాలిన ఇనుము ముందు నిలబడి వచ్చినా ఇంట్లో ఒక్కనాడు గొంతు పెంచలేదు. అన్నిటికీ ఆయన మాట చెల్లేది గాని, ఆవుల దగ్గర మాత్రం మా అత్తగారిదే రాజ్యం. ఆవిడ పశువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి.

నేను కాపురానికి వచ్చిన ఏడు, గౌరి అని మా ఆవు కొత్తగా ఈనింది. పాలు దూడకే చాలీచాలకుండా ఉండేవి. ఉలవలు, తెలకపిండి ప్రియమైపోయాయి. సాక్చి బజార్లో జౌ అని అమ్మే బార్లీ చవగ్గా దొరుకుతోందని మావగారు ఒక బస్తా సైకిలు మీద వేసుకొచ్చారు. అత్తగారు బస్తా మూతి విప్పి చూసి, "ఆవుకి జొరవొచ్చిందేటి, బార్లీ పెట్టడానికి?" అన్నారు. మనకి బార్లీ అంటే జ్వరంలో తాగే గంజే కదా. అయినా నానబెట్టి పెట్టారు. గౌరి ఇష్టంగానే తినేది, పాలు మాత్రం పెరగలేదు.

పిడకలు కొట్టే పని కొత్త కోడలిది, అంటే నాది. ఎంత పొందిగ్గా కొట్టినా, గోడ మీది పిడకలన్నిటినీ పిచ్చుకలు పొడిచి తూట్లు పెట్టేవి. లోపం నా చేతిలోనే ఉందని అత్తగారు తేల్చేశారు. నేను ముఖం మాడ్చుకుని తిరుగుతుంటే మావగారు ఓ పిడక తీసి విరిచి చూశారు. లోపలంతా బార్లీ గింజలు, నమలనివి నమలనట్టే ఉన్నాయి. ఆయన విసుక్కోలేదు, గట్టిగా నవ్వారు. "మనం డూటీ సేత్తన్నది ఈ పిచికల కోసవమ్మా," అన్నారు. ఆ వెంటనే అన్న మాట ఆ తరవాత కూడా అంటూనే ఉండేవారు: "తిన్నది తిండి కాదు, ఒంటబట్టిందే తిండి." నా పిల్లలు పాఠాలు బట్టీ పడుతున్నా ఇదే మాట అనేవారు.

సరే, పిండి మరలో ఆడించుకొచ్చారు. అది మరీ మెత్తనైపోయింది. ముక్కులోకి పోయి గౌరి తుమ్మేది. పొట్ట ఉబ్బింది, పేడ పలచబడింది. అత్తగారు ఇక ఊరుకోలేదు. అగ్రికో వైపు పాలు పోసే గ్వాలాని పిలిపించి, కార్తీక పున్నమి వెళ్లాక గౌరిని తోలుకుపొమ్మని మాటిచ్చేశారు. ఆ పూట మావగారు సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నారు. గౌరి ఆయన చేతుల మీద పుట్టిన పెయ్య మరి.

నాలుగు రోజులు గడిచాయి. తరవాత ఒకనాడు డ్యూటీ దిగి సరాసరి నా దగ్గరికొచ్చి పెద్ద డేగిసా అడిగారు. "ఇనుమైనా సల్లగుంటే వొంగదు. ఏడి సేసి నొక్కాల. మా మిల్లులో పిండి సేత్తామేటి?" అన్నారు. బార్లీని ఆవిరి మీద మెత్తబడనిచ్చి, మూతపెట్టి వీధి చివరికి మోసుకెళ్లారు. అక్కడ చెరుకురసం అమ్మే బీహారీ ఒకతను చలికాలమని మిషను మీద గోనె కప్పుకుని కూర్చునేవాడు. చెరుకు మిషనులో జౌ ఏమిటని మొదట నవ్వాడు. మావగారు రోలర్లు శుభ్రంగా కడిగి పెట్టాక తనే చక్రం తిప్పాడు. గింజలు ఒక్కొక్కటీ అటుకుల్లా చదునై రాలాయి.

"ఆవుకి అటుకులేటి, ఇదేటి కిష్టుడా?" అన్నారు అత్తగారు. అంటూనే నేను చూడట్లేదనుకుని నాలుగు పలుకులు నోట్లో వేసుకున్నారు.

మావగారు మొదట గుప్పెడే, అదీ ఎండుగడ్డిలో కలిపి పెట్టారు. కొత్త తిండీ కొత్త కోడలూ ఒకటే, తొందరపెట్టకూడదని నాకేసి చూసి నవ్వారు. మెల్లమెల్లగా పెంచారు. గౌరి పొట్ట సర్దుకుంది, పొదుగు నిండింది. పిచ్చుకలు నా పిడకల జోలికి రావడం మానేశాయి. అదే నాకు పెద్ద గెలుపు. తరవాతి చలికాలాల్లో మా వీధివాళ్లూ, అవతలి వీధివాళ్లూ డేగిసాలు మోసుకుని ఆ చెరుకు మిషను దగ్గర వరస కట్టేవారు. ఆదివారాలు మావగారు అక్కడే ఉండి, ఎంత ఉడకాలో, ఎంత నొక్కాలో చూపించేవారు.

అదంతా తరవాతి సంగతి. ముందు పున్నమి రానే వచ్చింది, వెళ్లింది. అత్తగారు గ్వాలాకి ఇచ్చిన మాట గురించి నోరెత్తలేదు, మావగారు అడగలేదు. ఆవుల విషయం ఆవిడది. గ్వాలా వస్తానన్న రోజు పొద్దున్న ఆయన గౌరికి మేత వేసి డ్యూటీకి వెళ్లిపోయారు.

ఎండెక్కాక గ్వాలా తాడు పట్టుకుని వచ్చాడు. అత్తగారు కూర్చోబెట్టి టీ ఇచ్చారు. సగం తాగి, ఇంత చిక్కటి పాలు ఎక్కడివని అడిగాడు. ఆవిడ గౌరిని చూపించారు. తరవాత తన హిందీలో, "హమ్ జుబాన్ దియా థా. గాయ్ నై దేగా. చాయ్ పీకే జావ్," అన్నారు. మాటిచ్చాను గాని ఆవునివ్వను, టీ తాగి వెళ్లమని. ఆవిడ మాట తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం మావగారు డ్యూటీ దిగి వచ్చే వేళకి నేను గుమ్మంలో ఉన్నాను. రోజూ ఇంటి ముందుదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చే మనిషి, ఆ రోజు వీధి మలుపులోనే దిగిపోయి నడిపించుకుంటూ వచ్చారు. అడుగు ముందుకు పడడం లేదు. గౌరి ఉందని చెబుదామని గుమ్మం దిగాను. ఆయన నన్ను చూడకుండానే పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లారు.

నేను వెనకాలే వెళ్లేసరికి గౌరి మెడ మీద తల ఆన్చి నిలబడి ఉన్నారు. మిల్లు బూట్లు కూడా విప్పలేదు. ఆయన చొక్కా మీద చెమట ఆరి తెల్లగా ఉప్పు తేలింది. గౌరి ఆ ఉప్పు నాకుతోంది, భుజం నుంచి మోచేతి దాకా, మళ్లీ భుజం నుంచి. ఆయన కదలకుండా నిలబడి నాకనిచ్చారు.