రెండు చేతిరాతలు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను ఇంజనీరింగు డిప్లొమాతో తమిళనాట ఉన్న మా రాజపాళయం తిరిగి వచ్చాను. ఓడల మీద విడిభాగాలు రావడం ఆగిపోయి, మిల్లులు కొత్తవాళ్లను తీసుకోవడం మానేశాయి. ఒక్క నూలు మిల్లు వర్కుషాపులో మాత్రం ఒక ఖాళీ ఉంది. అది దొరక్కపోతే పక్కనే ఉన్న మంసాపురంలో నాయనతోపాటు పత్తిచేలో దిగడమే.

ఆ మిల్లు మేనేజరు నాకు మామ వరస. చేతిరాతను బట్టి మనిషిని చెప్పవచ్చని ఆయన నమ్మకం. అక్షరం కుడికి వాలితే కలుపుగోలుతనం, వరుస పైకి పోతే ఆశ, కిందికి జారితే దిగులు, కలం గట్టిగా నొక్కితే మొండితనం. ఇవన్నీ ముందే విచారించుకుని వెళ్లాను.

ఆయన కాగితాలు నా ముందుకు తోశాడు.

"నీ గురించి నాలుగు మాటలు రాయి. ముందు ఇంగ్లీషులో, తరువాత మన తెలుగు మాటలో."

"మన రాత నాకు రాదు, మామా."

"నాకు మాత్రం వచ్చునా? ఇంట్లో అందరూ రాసేటట్టు అరవం అక్షరాల్లో రాయి."

ఇంగ్లీషు డ్రాయింగు తరగతిలో నేర్పినట్టు రాశాను: నిలువు అక్షరాలు, ఒకే ఎత్తు, ఒకే ఎడం. తమిళ అక్షరాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అది పరుగెత్తింది. అక్షరాలు చిన్నవయ్యాయి. వరుస కిందికి జారింది. జారుతోందని తెలిసీ ఆపలేకపోయాను.

మామ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇందులో ఇద్దరుండారే. నేను ఎవర్ని పనిలో పెట్టుకొనేది?"

"మొదటిది బళ్లో వాద్యార్లు నేర్పినారు, మామా. సరిగా రాకపోతే వేళ్ల మీద కొట్టినారు."

"అయితే అది వాద్యారు రాత. నీది రెండోది. మిషను ఆగిపోతే దాని పక్కన కూర్చొని ఏడ్చేవాడి రాత, అబ్బాయి." నవ్వాడు. పక్క బల్ల దగ్గరి గుమాస్తా కూడా నవ్వాడు. "పోయి రా. అమ్మను అడిగినానని చెప్పు."

దారిలో వాదన తయారు చేసుకున్నాను. లేతు యంత్రానికి కొలత కావాలి గాని మనిషి దిగులుతో పనేమిటి? వాదన బాగానే ఉంది. కాని దిగులు ఉన్నమాట నిజం. ఆయన దాన్ని సరిగానే చదివాడు.

తరువాత కోయంబత్తూరు మిల్లొకదానికి దరఖాస్తు రాయబోయాను. నిలువుగా రాస్తే అబద్ధమాడుతున్నట్టుంది, చేతిని వదిలేస్తే వరుస జారుతోంది. చివరికి పోస్టాఫీసు అరుగు మీద అర్జీలు రాసే ఆయన చేత రాయించాను. ఆయన రాత గుండ్రంగా, ధైర్యంగా ఉంది. ఆ మనిషికైతే నేనే ఉద్యోగం ఇస్తాననిపించింది.

జవాబు రాలేదు. వానలు పడ్డాక నాయన చేలో కూలివాణ్ణి మాన్పించి, ఆ పని నాకు చెప్పాడు.