ఏమీ పెరగలేదని రాయని మనిషి

గూడూరులో మా వీధి చివరి ల్యాబులో పరీక్షలు చేసే అక్క చనిపోయారని మంగళవారం పొద్దున పాలామె చెప్పింది. నాకంటే పదేళ్ళు చిన్న. అయినా వీధంతా అక్కా అనేది, నేనూ అన్నాను. ఆమె నన్ను టీచరమ్మా అనేవారు.

రెండేళ్ళ కిందట మా ఆయనకు న్యుమోనియా వచ్చింది. ఆరు రోజులు మందు వాడినా జ్వరం దిగలేదు. పూటపూటా కొలిచి నోటుపుస్తకంలో రాశాను. అంకె తగ్గలేదు. ఏ క్రిమో తెలిస్తేగానీ సరైన మందు ఇవ్వలేనన్నారు డాక్టరుగారు. కఫం పట్టి తెమ్మని అక్క మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చారు.

ఒకరు కడిగిన గ్లాసులో నేను నీళ్ళు తాగను. ఆ డబ్బానూ క్రిములు చంపే మందునీళ్ళతో రెండుసార్లు కడిగి, అందులో కఫం పట్టి ఇచ్చాను.

రెండో రోజు ఆమే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"టీచరమ్మా, మైక్రోస్కోపులో చూస్తే క్రిములు కనపడతా ఉండాయి. వాటికి తిండి పెట్టి పెంచే ప్లేట్లలో మాత్రం ఒక్కటీ మొలవలా. డబ్బాని ఏమన్నా చేసినారా?"

"శుభ్రంగా కడిగాను."

"దేంతో?"

చెప్పాను.

"పిలకాయలు పలక తుడిచినట్టు తుడిచేసినారే. ఇంకేం మిగిలుంటది చదివేదానికి?"

ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దినదాన్ని, ఆ రోజు నా తప్పే బయటపడింది. లోపల మా ఆయన దగ్గుతూనే ఉన్నారు. నావల్ల రెండు రోజులు పోయాయన్నాను.

"అది ఆనక చూసుకుందాం. ఇంకో డబ్బా తెచ్చినా. దీన్ని ముట్టుకోబాకండి" అని లోపలికి నడిచారు. మంచినీళ్ళతో ఆయన నోరు పుక్కిలింపజేసి, "ఉమ్ము కాదు సార్, గుండెల్లోంచి రావాల" అంటూ పక్కనే కూర్చుని డబ్బాలోకి కఫం పట్టించారు.

మర్నాడు ల్యాబుకు పిలిచి చూపించారు. ప్లేటులో గులాబీ రంగు జిగట బొట్లు మొలిచాయి. "ముందు కడుపునిండా పెట్టాల, ఆనక పేరు అడగాల" అన్నారు. గొర్రె రక్తం కలిపిన ప్లేట్లూ, రంగు ప్లేట్లూ ఆమె లెక్కలో క్రిములకు వడ్డించిన విస్తళ్ళే. క్రిమి పేరు తెలిసింది. ఏ మందుకు లొంగుతుందో తెలియడానికి ఇంకో రోజు పట్టింది.

మొదటిసారే రిపోర్టులో 'ఏమీ పెరగలేదు' అని రాసి ఇచ్చేసి ఉండొచ్చు. అబద్ధం కాదు, అడిగేవారూ లేరు. ఆ ఒక్క మాట రాయకుండా ఆమె మా ఇంటికి నడిచి వచ్చారు. ఇప్పుడు పక్క గదిలో మా ఆయన పేపరు పైకి చదువుతున్నారు. మెల్లగా చదవండి అని ఈ రెండేళ్ళలో నేను ఒక్కసారీ అనలేదు.

అప్పటి ఆ పరీక్ష ఆఖరి రోజున ల్యాబులో ఆమె ఒక ప్లేటును కిటికీ వెలుతురులోకి ఎత్తారు. మబ్బు పరుచుకున్నట్టు క్రిములు, వాటి మీద చిన్న చిన్న మందు బిళ్ళలు, ఒక్కొక్కటీ ఒక్కో మందు. అన్నిటినీ మబ్బు కమ్మేసింది. ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం తేటగా, గుండ్రంగా, ఏమీ మొలవని చోటు.

"అదో టీచరమ్మా, సార్ మందు" అన్నారు, వేలు తగలకుండా చూపిస్తూ.