యజ్ఞనారాయణగారి హంగేరియన్ క్రియ

యజ్ఞనారాయణగారికి హంగేరియన్ భాషలో వచ్చింది ఒకే ఒక్క క్రియ. కెనడాలోని మా విండ్సర్‌లో ఆ క్రియ తెలియని తెలుగువాళ్లు లేరు.

గృహప్రవేశమైనా, సీమంతమైనా, పులిహోర దగ్గరికి చేరేలోపు ఆయనకు చిక్కామా, అంతే సంగతులు. "తె అంటే నువ్వు. అందులోంచి పుట్టింది తెగెజ్. అంటే నువ్వు అని పిలవడం. ఎవరు పడితే వాళ్లు పిలవకూడదు. పెద్దవాళ్లు అనుమతి ఇవ్వాలి." ఈలోగా పులిహోర అయిపోయేది.

నేను వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన రోజే చెప్పాను. "అంకుల్, నేను మీ మనవరాలి వయసుదాన్ని. నన్ను మీరు అనకండి."

"అది మీరు అడగకూడదమ్మా, నేనివ్వాలి. ఇంకా ఆలోచిస్తున్నాను."

నా మాస్టర్స్ సగం అయింది. ఆయన ఆలోచిస్తూనే ఉన్నారు. ఇంట్లో కుక్కదీ అదే పరిస్థితి. "లోపలికి దయచేయండి" అంటే గానీ అది కదిలేది కాదు.

ఆ క్రియ నేర్పింది పక్కింటి లాస్లోగారు, కార్ల ప్లాంట్‌లో రిటైరైన హంగేరియన్. భార్య పోయాక ఆయన మాట్లాడేది ఫెన్స్ దగ్గర మా అంకుల్‌తోనే. మంచు కలిసే ఎత్తారు, టమాటాలు కలిసే పెంచారు. మాటలు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఒకరికొకరు 'మిస్టర్' అంటూ. ఆ 'తె' ఎప్పుడిస్తారని అంకుల్ భార్య భ్రమరాంబ ఆంటీ అడిగితే లాస్లోగారిదీ అదే జవాబు. "ఇంకా ఆలోచిస్తున్నాను."

ఇంతలో లాస్లోగారు ఇల్లు అమ్మేశారు. కాల్గరీలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. అంకుల్‌కి వారం రోజులు అన్నం సయించలేదు. "వెళ్లేలోపు ఇవ్వకపోతే ఇక మిస్టర్‌గానే మిగిలిపోతానమ్మా" అన్నారు నాతో, గొంతు తగ్గించి.

ఆదివారం ట్రక్ వచ్చింది. సామానంతా ఎక్కించాక లాస్లోగారు ఫెన్స్ దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నారు.

"పెద్దవాణ్ణి కాబట్టి నేనే ఇస్తున్నాను."

వాళ్ల పద్ధతిలో చేతులు మెలేసుకుని మందు తాగాలి. అంకుల్ మందు ముట్టరు కాబట్టి ఆంటీ ఫిల్టర్ కాఫీ తెచ్చారు. సగం వీళ్లు తాగారు, సగం చొక్కాలు తాగాయి.

"తె" అన్నారు లాస్లోగారు.

"తె" అన్నారు అంకుల్, బుద్ధిగా తల వంచి.

ట్రక్ మలుపు తిరగ్గానే ఆంటీ నిలదీశారు. "ఆయనకంటే మీరే రెండేళ్లు పెద్ద కదండీ! ఇన్నాళ్లూ కాచుక్కూర్చోకపోతే మీరే ఇచ్చేయొచ్చుగా?"

"ఇవ్వొచ్చు. కానీ వాళ్లావిడ పోయాక ఆయన్ని ఏదైనా ఇవ్వమని అడిగేవాళ్లు లేరు భ్రమరాంబా. నేనైనా ఎదురుచూడాలిగా."

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన చొక్కా దులుపుకుంటూ నావైపు తిరిగారు.

"అలా నిలబడిపోయావేమ్మా? నువ్వూ కాఫీ తాగుదువుగాని, రా."

కుక్క ఇంకా వాకిట్లోనే కూర్చుంది. దాని సంగతి ఆలోచిస్తున్నారట.